అమ్మ పిడికిట్లో ఉప్పు

పోయిన దసరాకు అమ్మ వనపర్తి నుంచి వచ్చి హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో పదిరోజులుంది. మూడో రోజు సాయంత్రం మా పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆకలి కాదు, నిద్ర కాదు, జ్వరం లేదు. నేను థర్మామీటర్ పట్టుకుని నిలబడ్డాను. నా భార్య పిల్లల డాక్టర్‌కి మెసేజ్ పెడుతోంది. అమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్తూ, "మీ ఆఫీసోళ్ళు ఎవరన్న వచ్చేదుందారా ఇప్పుడు?" అని అడిగింది. ఎవరూ రావట్లేదన్నాను. ముందు తలుపు గడియ వేసి, పిడికెడు దొడ్డుప్పు, నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చి, పాప చుట్టూ మూడుసార్లు తిప్పింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు. పిడికిలి తీసుకెళ్ళి గ్యాస్ పొయ్యి మీద పాత ఇనుప పెనంలో వేసింది. ఉప్పు చిటపటలాడింది. మొత్తం రెండు నిమిషాలు. తర్వాత చేతులు కడుక్కుని, సగంలో ఆపిన బెండకాయలు కోసుకోవడానికి కూర్చుంది.

"ఏమైందమ్మా పాపకు?" అన్నాను.

"కండ్లు తాకినయ్."

"ఎవరివి?"

"ఎవరియో."

అప్పటికి హాల్లో టీవీలో 'అరుంధతి' పాజ్‌లో ఉంది. ఈ వ్యాసం కోసమే మళ్ళీ చూస్తున్నాను. తెర మీద నగలు, పట్టుచీర, కత్తి, ఎర్రటి వెలుగు. వంటింట్లో నైటీ మీద తువ్వాలు కప్పుకున్న అరవై రెండేళ్ళ ఆవిడ. రెండు చోట్లా జరుగుతున్నది ఒకే పని: ఇంట్లో దూరిన చెడుతో ఒక ఆడమనిషి తలపడటం. ఒకదానికి థియేటర్లలో ఈలలు పడ్డాయి. రెండోదానికి తలుపు గడియ పడింది. మన భయానక కథల్లో, సినిమాల్లో ఈ రెండో ఆవిడ ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న.

*

ప్రశ్న నాకు మొదట తట్టింది ఒక అమెరికన్ నవల వల్ల. జూలీ కెన్నర్ 2005లో రాసిన 'కార్పే డీమన్'. ఆఫీసులో ఒక కొలీగ్ "టైంపాస్‌కి చదువు" అని ఇచ్చింది. కథానాయిక కేట్ కానర్. కాలిఫోర్నియాలో శాన్ డయాబ్లో అనే ఊహాపురంలో ఉంటుంది. పద్నాలుగేళ్ళ కూతురు, ఇంకా మాటలు సరిగా రాని కొడుకు, రాజకీయాల్లోకి దిగాలనుకుంటున్న రెండో భర్త. ఒకప్పుడు ఆమె దయ్యాలను వేటాడే ఉద్యోగం చేసింది. పెళ్ళి, పిల్లలు అని మానేసింది. ఇప్పుడు దయ్యాలే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాయి. భర్తకు తెలియకూడదు, కూతురికి తెలియకూడదు. సాయంత్రం భర్త రాజకీయ మిత్రులకు విందు ఉంది. ఆ లోపల ఒక శవాన్ని మాయం చేయాలి.

గొప్ప నవల అనను. కానీ అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. కేట్‌కి దయ్యాన్ని చంపడం కష్టం కాదు. టైం దొరకడం కష్టం. పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదలాలి, కూతురిని స్కూలు నుంచి ఎవరు తేవాలి, ఫ్రిజ్‌లో ఏముంది అన్న లెక్కల మధ్య ఆమె ప్రపంచాన్ని కాపాడుతుంది. హాస్యం అంతా అక్కడి నుంచే పుడుతుంది. ఇంటిపని ఎవరికీ కనపడదు కాబట్టి, ఇంటిపని చాటున ఇంకో పెద్ద పని చేసినా అదీ కనపడదు. ఆమె రహస్యానికి అంతకు మించిన ముసుగు అక్కర్లేదు.

చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కానీ ఒక తేడా. వనపర్తిలో మా అమ్మ ఇది రహస్యంగా చేసేది కాదు. గుమ్మంలో నిలబెట్టి, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగానే దిష్టి తీసేది. అది కూడా వాకిలి ఊడ్చినట్టే, పాలు తోడేసినట్టే. తలుపు గడియ పడింది మా గేటెడ్ కమ్యూనిటీకి వచ్చాకే. లిఫ్ట్‌లో నాతో ఇంగ్లీషులో మాట్లాడే పక్క ఫ్లాటు వాళ్ళు ఏమనుకుంటారో, కోడలి ఆఫీసు వాళ్ళు ఎవరైనా చూస్తే కొడుక్కి నామోషీ అవుతుందేమో అని ఆవిడ భయం. ఉప్పు, మిరపకాయలు అవే. నగర శివారులోని పదకొండో అంతస్తు మా అమ్మను కూడా ఒక కేట్ కానర్‌ని చేసిపెట్టింది.

*

ఇక మన సినిమాకు వస్తాను. 'అరుంధతి' 2009 సంక్రాంతికి వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. హాస్టల్లో మా జిల్లా పిల్లలం నలుగురం ఉండేవాళ్ళం. తెర మీద "గద్వాల సంస్థానం" అన్న మాట పడగానే మేం చేసిన గోలకు ముందువరుస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అప్పటిదాకా సినిమాల్లో మా పాలమూరు అంటే కరువు, వలస. ఇప్పుడు మాకో రాణి, మాకో కోట.

తర్వాత తెలిసింది, ఆ కోట మాది కాదు. సినిమాలో కనిపించేది బనగానపల్లె నవాబు బంగళా. సినిమా తర్వాత జనం దాన్నే అరుంధతి కోట అనడం మొదలుపెట్టారు. అసలు గద్వాల కోటలోకి వెళ్తే దయ్యాలేం కనపడవు. చెన్నకేశవస్వామి గుడి ఉంటుంది, ఒక డిగ్రీ కాలేజీ ఉంటుంది. ఆ కాలేజీకి పెట్టిన పేరు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మది. 1924 నుంచి సంస్థానం విలీనమయ్యేదాకా గద్వాలను పాలించింది ఆమెనే. అంటే సినిమా వాళ్ళు ఊహించకముందే గద్వాలకు ఒక రాణి ఉంది. కవులను పోషించిన సంస్థానాల్లో దానికి పెద్ద పేరు, విద్వద్గద్వాల అనేవారు. మా వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో కూడా ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. చిన్నప్పుడు మేం "రాజభవనంలో దయ్యాలుంటాయట" అని చెప్పుకుంటే, అక్కడ చదివే మా బాబాయి "ఉన్నది ఒక్కటే దయ్యం, దాని పేరు మ్యాథ్స్" అనేవాడు.

'అరుంధతి'లో ఇప్పటికీ నాకు బలంగా అనిపించే సంగతి గ్రాఫిక్స్ కాదు. పశుపతి ఎవరు అన్నది. వాడు అడవి నుంచి ఊడిపడ్డ మాంత్రికుడు కాదు, ఆ ఇంటి అల్లుడు. వాడి ఆగడాలు ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దకూతురి కాపురం అని, పరువు అని, ఊరుకున్నారు. వాడు క్షుద్రశక్తులు నేర్చుకున్నది తర్వాత. అంతకుముందు వాడికున్న శక్తి ఒక్కటే, అల్లుడి హోదా. ఇది మన ఇళ్ళలో కొత్త విషయమా? సోనూ సూద్ రూపానికి పి. రవిశంకర్ గొంతు తోడై, ఆ పాత్ర చెప్పిన ఒక డైలాగు జనం నోళ్ళలో ఎంత నానిందంటే ఆ డబ్బింగ్ కళాకారుడి ఇంటిపేరే బొమ్మాళి అయిపోయింది. ఆ గొంతు హోరులో వాడు అల్లుడన్న సంగతి మనం మరిచిపోయాం.

ఇంకొకటి కూడా మరిచిపోయాం. జేజమ్మ అంటే ఏమిటి? జేజి, జేజమ్మ అంటే మన వైపు చాలా ఇళ్ళలో నాయనమ్మ, ముత్తవ్వ. పేరులోనే ముసలితనం ఉంది, సంతానం ఉంది. అరుంధతి ఆ జేజమ్మ మునిమనవరాలు. అంటే జేజమ్మ బిడ్డను కని ఉండాలి. ఆ బిడ్డకు పాలిచ్చి ఉండాలి, జ్వరం వస్తే రాత్రంతా కూచుని ఉండాలి. ఇంటి కింద సమాధిలో పశుపతి ఉన్నాడని తెలిసి, ఆ ఇంట్లోనే పిల్లను పెంచడం ఎలా ఉంటుంది? నా మట్టుకు నాకు సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన ఘట్టం అదే. కానీ సినిమా మనసు అక్కడ నిలవదు. చిన్నపిల్లగా జేజమ్మ గొప్పగా ఉంది, పెళ్ళికూతురిగా గొప్పగా ఉంది, ఆత్మార్పణ చేసుకునే రాణిగా ఇంకా గొప్పగా ఉంది. తల్లిగా ఆమె గడిపిన మామూలు రోజులతో కథకు పని పడలేదు. అనుష్క ఎంత బాగా చేసినా, మనం చూసింది వీరగాథనే. వీరులకు కొబ్బరికాయలు కొడతారు కానీ బెండకాయలు కోయనివ్వరు.

*

ఇదే దర్శకుడు, ఇదే నిర్మాత కలిసి 1995లో 'అమ్మోరు' తీశారు. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఇంటికి ఎక్కువ దగ్గరగా ఉన్నది ఆ సినిమానే. భవాని (సౌందర్య) ఎవరూ లేని పిల్ల. డాక్టర్‌ని పెళ్ళి చేసుకుని పెద్దింటికి వస్తుంది. భర్త అమెరికా వెళ్తాడు. ఆమెను చంపాలని చూసేది బయటివాళ్ళు కాదు, ఆ ఇంటి బంధువులే. ఆమెను కాపాడటానికి అమ్మోరు తల్లి ఒక చిన్నపిల్ల రూపంలో పనిమనిషిగా వస్తుంది. దేవత అంట్లు తోముకుంటూ ఇంటిని కాపలా కాయడం అనే ఊహ నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దేవతకు కూడా ఆ ఇంట్లో అనుమానం రాకుండా తిరగాలంటే పనిపిల్ల వేషం తప్ప దారి లేదు. జూలీ కెన్నర్ కన్నా పదేళ్ళ ముందే మనవాళ్ళు ఆ ముసుగును కనిపెట్టారు.

అయితే గెలుపు ఎవరిది? అమ్మోరుది. రమ్యకృష్ణ నాలుక చాపి, త్రిశూలం ఎత్తిన చివరి దృశ్యానిది. భవాని చేయగలిగింది పిలవడం, ఏడవడం, నమ్మడం. మన కథల్లో మామూలు ఆడది గెలవాలంటే ఆమెకు పూనకమైనా రావాలి, పునర్జన్మైనా ఉండాలి. తనంత తానుగా, తన చేతిలో ఉన్న సామాన్లతో గెలవడానికి ఆమెకు లైసెన్సు లేదు.

యండమూరి 'తులసిదళం' సంగతీ చెప్పాలి. ఆంధ్రభూమి వారపత్రికలో అది సీరియల్‌గా వచ్చిన రోజుల్లో అమ్మ ఇంకా స్కూలు పిల్ల. పక్కింటివాళ్ళు చదివి ఇస్తే వంతులవారీగా చదివారట. రాత్రి బయటికి వెళ్ళాలంటే అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ కలిసి లేచేవారట. ఒక చిన్నపిల్ల మీద కాష్మోరాను ప్రయోగిస్తారు. పిల్ల క్షీణిస్తూ ఉంటుంది. అది జబ్బా, చేతబడా అని వైద్యం ఒకవైపు, మంత్రం ఒకవైపు లాగుతుంటాయి. క్షుద్ర సాహిత్యం అని విమర్శకులు తిట్టారు. అమ్మలాంటి పాఠకులు పట్టించుకోలేదు. నేను ఈమధ్య మళ్ళీ చదివినప్పుడు గమనించింది వేరే. ఆ నవలలో పిల్ల ప్రాణం కోసం తెలివితేటల యుద్ధం నడిపేది ఎక్కువగా మగవాళ్ళు. తండ్రి, డాక్టర్లు, మంత్రగాళ్ళు. తల్లికి మిగిలింది మంచం పక్కన చోటు. నిజానికి మన ఇళ్ళలో ఇలాంటి యుద్ధాలన్నీ జరిగేది ఆ మంచం పక్కనే కదా.

2022లో వచ్చిన 'మసూద' ఈ లోటు తీర్చబోతోందనిపించింది. సాయికిరణ్ దర్శకుడు. నీలం (సంగీత) భర్తకు దూరంగా, కూతురు నాజియాతో ఒక మామూలు అపార్ట్‌మెంట్‌లో ఉండే టీచర్. జీతం, బడి, కూతురి చదువు. రాణి కాదు, పూనకం లేదు, పునర్జన్మ లేదు. కూతురికి దయ్యం పట్టాక కూడా ఆమె పొద్దున లేచి పనులు చేసుకోవాల్సిందే. మొదటి గంట సంగీత ముఖంలో ఉన్న అలసట, నేను తెలుగు హారర్‌లో చూసిన అత్యంత నిజమైన విషయం. భయం కన్నా ముందు అలసట. పట్టిన దయ్యం రాత్రంతా ఆడితే, పొద్దున ఆ ఇల్లు సర్దేది ఎవరు?

కానీ పక్క ఫ్లాట్‌లో గోపీ ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భయస్తుడు. అచ్చం నాలాంటివాడు. నెమ్మదిగా సినిమా వాడిదైపోతుంది. వాడి భయం, వాడు ధైర్యం తెచ్చుకోవడం, వాడు చేసే సాహసం. తిరువీర్ బాగా చేశాడు, కాదనను. నాకు ఆ పాత్ర నచ్చింది కూడా. నచ్చింది కాబట్టే అనుమానం వచ్చింది. తల్లి కథను చూడటానికి వెళ్ళిన నాలాంటివాడు తనను తాను హీరోగా చూసుకుని తిరిగొచ్చేలా సినిమాను ఎందుకు కట్టారు? నీలం ఒంటరిగా మొదలుపెట్టిన పోరాటాన్ని మేం ఎంత మర్యాదగా ఆమె చేతిలోంచి తీసేసుకున్నామో చూడండి.

*

ఇప్పుడు ఉప్పు, మిరపకాయల దగ్గరికి. ఇంజనీర్ని కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు దీని మీద ఒక ఫిర్యాదు ఉండేది. మిరపకాయలు కాలితే ఘాటు రావాలి కదా. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. అంటే సిస్టమ్ మామూలుగా పనిచేస్తే సమస్య లేదని, ఎర్రర్ మెసేజ్ రాకపోతే పెద్ద సమస్య అని. ఇదేం టెస్టింగ్ అని అమ్మను ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు పదమూడేళ్ళ ఉద్యోగం తర్వాత చెప్తున్నాను, చప్పుడు చేయకుండా ఫెయిలయ్యే ప్రోగ్రామే అన్నిటికన్నా ప్రమాదం. అంతవరకు అమ్మ లెక్క తప్పు కాదు. అలాగని మిరపకాయల్లో జ్వరం కాలిపోతుందని నమ్మను. పాపకు జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికే వెళ్తాం, అమ్మ కూడా ముందు అదే అంటుంది.

నాకు ఆసక్తి కలిగించేది నమ్మకం కాదు, ఆ ఊహ నిర్మాణం. కెన్నర్ నవలలో దయ్యం చావాలంటే దాని కంట్లో పొడవాలి. కన్ను వాటి బలహీనత. మన దగ్గర కన్నే ఆయుధం. ఆ ఆయుధం అందరి దగ్గరా ఉంది. దిష్టి తీసేటప్పుడు ఇరుగు, పొరుగు, ఊళ్ళోవాళ్ళు, దారినపోయేవాళ్ళు అని ఒక లెక్క చదువుతారు. అందులో శత్రువు పేరు ఉండదు. ఎవరో కావాలని చేశారని కూడా ఉండదు. ముద్దొచ్చి చూసినా తగులుతుంది. ఇంకా విచిత్రం, తల్లి చూపు అన్నిటికన్నా గట్టిగా తగులుతుందని మన ఇళ్ళలో అంటారు. బిడ్డకు తానే స్నానం పోసి, కాటుక దిద్ది, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, తానే చూసి మురిసిపోయి, మళ్ళీ ఆ మురిపెం తగలకుండా తానే దిష్టి తీసే తల్లి. ఏ హారర్ సినిమాలో చూశాం ఇటువంటి పోరాటాన్ని? కాపాడేదీ తనే, అనుమానితుల జాబితాలో మొదటి పేరూ తనదే.

మా జిల్లాల్లో దీనికి ఒక దేవత కూడా ఉంది. గద్వాల నుంచి కర్నూలు వైపు వెళ్తే అలంపురంలో జోగులాంబ. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పాత గుడి 14వ శతాబ్దపు దాడుల్లో పోయింది. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది. ఉగ్రరూపం. జడలు కట్టిన జుట్టు మీద బల్లి, తేలు లాంటివి ఉంటాయి. ఇల్లు పాడుబడుతున్నప్పుడు చేరేవి అవే కదా. ఆ తల్లిని గృహచండి అంటారు. యుద్ధభూమి చండి కాదు, ఇంటి చండి. బూజు పట్టిన మూలలను, బల్లులు తిరిగే గోడలను కనిపెట్టుకుని ఉండే దేవత. అమ్మోరు సినిమాలో అంట్లు తోమిన దేవతకు, మా అమ్మ చేతిలో చీపురుకు మధ్య ఎక్కడో ఉంటుంది ఈమె. మన సినిమాలు చండిని తీసుకున్నాయి, గృహాన్ని వదిలేశాయి.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది మా అమ్మకు హారతి అవుతుంది. ఆపలేను.

వనపర్తిలో మా వీధి చివర ఒకామె ఉండేది. పేరు వద్దు. భర్త పోయాడు, పిల్లలు లేరు, రెండు మేకలు ఉండేవి. పిల్లలం అటు వెళ్తే బెల్లం ముక్క పెట్టేది. నాకు ఏడేళ్ళప్పుడు వీధిలో ఇద్దరు పిల్లలకు వరసగా జ్వరాలొచ్చాయి. ఒకరి బర్రె పాలివ్వడం మానేసింది. ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ ఆమె చూపు మంచిది కాదన్నారు. తర్వాత చూపు అన్న మాట పోయి, "ఆమెకు వస్తది" అన్నారు. ఏం వస్తుందో మా వైపు చెప్పనక్కర్లేదు. బాణామతి అన్న మాట పూర్తిగా పలకరు. ఎవరూ ఆమెను కొట్టలేదు. మా వీధి అంత చెడ్డది కాదు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. పెళ్ళికి పిలవడం మానేశారు. మా అమ్మ నన్ను ఆ వైపు పంపడం మానేసింది. నేను ఒకసారి బెల్లం తెచ్చుకుంటే చేతిలోంచి లాగి మోరీలో పడేసింది. ఆ రాత్రి నాకు రెండుసార్లు దిష్టి తీసింది.

బిడ్డను కాపాడుకోవడానికే చేసింది. అనుమానం లేదు. కేట్ కానర్ కూడా అంతే కదా, పిల్లలను కాపాడుకోవడానికే సూపర్‌మార్కెట్‌లో కనిపించిన ముసలాయన్ని అనుమానించింది. నవలలో ఆ ముసలాయన నిజంగానే దయ్యం. రచయిత్రి హామీ ఇచ్చింది. మా వీధిలో హామీ ఇచ్చే రచయిత ఎవరూ లేరు. ఉన్నది జ్వరం వచ్చిన ఇద్దరు పిల్లలు, రెండు మేకలు, ఒక ముసలామె.

ఎవరికీ పేరు పెట్టని దిష్టికి, ఒక్కరికే పేరు పెట్టే బాణామతికి మధ్య గీత ఎంత సన్ననిదో నాకు ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే తెలిసింది. మొదటిది "ఎవరియో" అంటుంది. అందరి కళ్ళనూ లెక్కలో వేసుకుంటుంది, తనవి కూడా. రెండోది "ఆమెదే" అంటుంది. మొదటిదానికి పిడికెడు ఉప్పు చాలు. రెండోదానికి ఉప్పు చాలదు, మనిషి కావాలి. తెలంగాణ పల్లెల్లో ఈ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మనం ఇంకా చదువుతూనే ఉన్నాం. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి క్షుద్రపూజల పేరుతో జరిగే ఘోరాలకు వ్యతిరేకంగా చట్టాలు చేశాయి. మా ఊరి నుంచి కృష్ణ దాటి రాయచూరు వెళ్తే చట్టం ఉంది.

సినిమాల మీద నా అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్పగలను. తల్లికి హీరో వేషం ఇవ్వలేదన్నది చిన్న ఫిర్యాదు. 'అరుంధతి' కానీ 'అమ్మోరు' కానీ 'మసూద' కానీ, చెడుకు ఒక ముఖం ఇవ్వందే ముందుకు కదలవు. పశుపతి ముఖం ఇంటి అల్లుడిది కాబట్టి 'అరుంధతి'ని ఎక్కువ గౌరవిస్తాను. ఆ సినిమా వేలు పైకి చూపించింది, అధికారం ఉన్నవాడి వైపు. కానీ కథకు ముఖం అలవాటైన ప్రేక్షకుడు తన వీధిలోనూ ఒక ముఖం వెతుక్కుంటాడు. వీధిలో సులువుగా దొరికే ముఖం అల్లుడిది కాదు, అధికారం ఉన్నవాడిదీ కాదు. ఎవరూ లేని ముసలామెది.

నేను చదవాలనుకుంటున్న తెలుగు నవల ఒకటుంది. అందులో ఒక మామూలు తల్లి ఉంటుంది. మియాపూర్‌లోనో, కొత్తకోటలోనో. సాయంత్రం ఆరింటికి బిడ్డ ఏడుస్తుంది. ఆమెకు ఒక ముఖం గుర్తొస్తుంది. ఆ ముఖం వైపు చూపుడువేలు లేస్తుంది. దాన్ని మళ్ళీ పిడికిలిలోకి ముడవడానికి ఆమె పడే కష్టమే కథంతా. ఎవరికీ తెలియని యుద్ధం అంటే నా దృష్టిలో అది. గ్రాఫిక్స్ అక్కర్లేదు. అందుకేనేమో ఎవరూ తీయలేదు.

*

అమ్మ తిరిగి వెళ్ళే ముందురోజు అడిగాను, వీధి చివరి ఆమె ఏమైందని. అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"సచ్చిపోయి ఆరేండ్లాయె."

"నువ్వు పోయినవా?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాప ఫ్రాకు ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "పోలే," అంది. "నీకు గా బెల్లం తింటే జరం రాలే. అప్పుడే తెల్సింది నాకు. అయినా పోలే."

ఆ సాయంత్రం మళ్ళీ ఉప్పు తీసుకుంది. తలుపు గడియ నేనే వేయబోయాను. "తియ్, ఉండనీ" అంది. ఈసారి దగ్గరగా కూర్చుని విన్నాను, ముప్పై ఏళ్ళుగా వినని ఆ గొణుగుడు. మొదటి పేరు తల్లిది. రెండోది నాయనమ్మది. ఇరుగూ పొరుగూ ఆ తర్వాత.

పెనంలో మిరపకాయలు నల్లబడ్డాయి. ఘాటు గట్టిగానే వచ్చింది. అందరం దగ్గాం, పాప కూడా.